కొత్త ఆన్‌లైన్ ఆర్‌పీజీ వచ్చింది: ఆడాలా వద్దా ఎలా తేల్చుకోవాలి

అనంతపురంలో జేఎన్‌టీయూ హాస్టల్ కావచ్చు, కమలానగర్‌లో నలుగురు కలిసి అద్దెకు తీసుకున్న రూము కావచ్చు, కొత్త ఆన్‌లైన్ ఆర్‌పీజీ (ఒక పాత్రను ఎంచుకుని, కథలో నడుస్తూ దాని బలం పెంచుకునే ఆట) విడుదలైన వారం అక్కడ జరిగే వాదన ఒకటే. "గ్రాఫిక్స్ చూడ్రా, కేక!" అని ఒకడు. "డబ్బులు గుంజే ఆటప్పా, వదిలెయ్" అని ఇంకొకడు. అర్ధరాత్రి దాటినా తేలదు. ఎందుకంటే ఇద్దరూ మాట్లాడేది మొదటి రోజు చూసిన ఆట గురించే. ఆర్‌పీజీ అసలు రూపం నెల తర్వాత గానీ బయటపడదు. పరీక్షలూ పండగలూ లేని ఒక మామూలు రోజున ఈ ఆట మిమ్మల్ని ఎంత టైము అడుగుతుంది, ఎంత డబ్బు అడుగుతుంది, బదులుగా ఏమిస్తుంది? తేల్చాల్సింది ఇదొక్కటే. దాన్ని తేల్చుకునే పద్ధతి కింద చెబుతున్నాను. ఫోన్‌లో ఆడేవాళ్లను దృష్టిలో పెట్టుకుని రాశాను. మన దగ్గర ఎక్కువమంది ఆడేది ఫోన్‌లోనే. పీసీ ఉన్నవాళ్లకు పనికొచ్చే మాటలు అక్కడక్కడా ఉన్నాయి.

1. విడుదల హడావిడి సద్దుమణిగేదాకా ఆగండి

కొత్త ఆట వచ్చిన మొదటి పది రోజుల్లో వినిపించే పొగడ్తనూ తిట్టునూ ఒకేలా పక్కన పెట్టండి. పాత ఆటలను చూస్తే ఎందుకో అర్థమవుతుంది. అమెజాన్ తెచ్చిన న్యూ వరల్డ్ 2021 సెప్టెంబర్‌లో విడుదలైనప్పుడు పీసీ ఆటలు అమ్మే స్టీమ్‌లో ఒకే సమయంలో 9 లక్షల మందికి పైగా ఆడారు. సర్వర్‌లోకి దూరడానికే పెద్ద పెద్ద క్యూలు. అదే ఆటకు ఇక కొత్త కంటెంట్ రాదని 2025 అక్టోబర్‌లో సంస్థే ప్రకటించింది. ఫైనల్ ఫాంటసీ 14 కథ దీనికి పూర్తిగా రివర్స్. 2010 సెప్టెంబర్‌లో వచ్చినప్పుడు ఆడినవాళ్లంతా తిట్టిపోశారు. దాంతో నిర్మాణ బాధ్యతను నవోకి యోషిదాకు అప్పగించారు. 2012 నవంబర్‌లో సర్వర్లు మూసేసి, ఆటను మళ్లీ కట్టి, 2013 ఆగస్టులో తిరిగి తెచ్చారు. అది ఇప్పటికీ నడుస్తోంది. జపాన్‌లో 2023 జూన్‌లో మొదలైన బ్లూ ప్రోటోకాల్ 2025 జనవరికల్లా మూతపడింది. పట్టుమని రెండేళ్లు కూడా నిలవలేదు.

ఉచిత ఆటైతే మొదటి పెద్ద ప్యాచ్ (లోపాలు సరిచేసే అప్‌డేట్) వచ్చేదాకా, డబ్బు పెట్టి కొనాల్సిన ఆటైతే కనీసం నెల రోజులు ఆగండి. వుదరింగ్ వేవ్స్ 2024 మేలో వచ్చిన కొత్తలో చాలా ఫోన్లలో తడబడింది. తర్వాత వచ్చిన ప్యాచ్‌లతో బాగా కుదుటపడింది. మొదటి వారమే విసిగిపోయి తీసేసినవాళ్లు ఆ కుదుటపడ్డ ఆటను చూడనేలేదు.

"ఆగితే లాంచ్ రివార్డులు పోతాయి కదన్నా?" అని తప్పకుండా ఎవరో ఒకరు అడుగుతారు. అంత బెంగ ఉంటే అకౌంటు చేసుకుని, మెయిల్‌బాక్స్‌లో వచ్చినవి తీసుకుని బయటికి వచ్చేయండి. ఆడాలని రూలేమీ లేదు కదా. పైగా కొత్తగా చేరేవాళ్లకు ఇచ్చే కానుకలను చాలా ఆటలు ఎప్పుడు చేరినా ఇస్తూనే ఉంటాయి.

ఆగిన ఈ రోజుల్లో రివ్యూలు చదవండి. అయితే ఎవరివి చదవాలో చూసుకోండి. స్టీమ్‌లో రివ్యూలను ఆడిన గంటలను బట్టి వడగట్టుకోవచ్చు. వంద గంటలు దాటి ఆడి కూడా "వద్దు" అన్నవాళ్ల రివ్యూలు ముందు చదవండి. ఆటలో నిజంగా ఎక్కడ నొప్పి ఉందో వాళ్లకే తెలుసు. అర గంట ఆడి ఐదు స్టార్లు ఇచ్చినవాడి మాటా, అర గంట ఆడి బూతులు తిట్టినవాడి మాటా మీకు ఉపయోగపడవు. ప్లే స్టోర్‌లో కొత్త రివ్యూలు ముందు వచ్చేలా పెట్టి చదివితే పోయిన ప్యాచ్ తర్వాత ఏం చెడిందో, ఏం బాగుపడిందో కనిపిస్తుంది. యూట్యూబ్ వీడియో మొదట్లో మూలన "పెయిడ్ ప్రమోషన్" అని చిన్న అక్షరాలు పడితే, ఆట ఎలా ఉంటుందో చూడ్డానికి ఆ వీడియో వాడుకోండి. ఆడాలా వద్దా అన్న సలహా మాత్రం దాని నుంచి తీసుకోవద్దు.

2. డౌన్‌లోడ్ నొక్కకముందే లెక్క వేయండి

ప్లే స్టోర్‌లో కనిపించే సైజు ఎప్పుడూ తక్కువే. ఆట తెరిచాక లోపల ఇంకో డౌన్‌లోడ్ మొదలవుతుంది, అసలు బరువు అక్కడుంది. ఇప్పటి పెద్ద ఓపెన్ వరల్డ్ ఆర్‌పీజీలు మొత్తం కలిపి 20 జీబీ దాటడం మామూలే. రోజుకు 1.5 జీబీ ప్యాక్ మీద బతికేవాళ్లకు 20 జీబీ అంటే దాదాపు రెండు వారాల డేటా. అందుకని వైఫై ఉన్న చోట పెట్టుకోవాల్సిందే. ఆడేటప్పుడు ఖర్చయ్యే డేటా తక్కువే, గంటకు కొన్ని పదుల ఎంబీలు. అప్‌డేట్ వచ్చిన రోజునే కష్టం. గెన్షిన్ ఇంపాక్ట్‌కు మామూలుగా ఆరు వారాలకోసారి కొత్త వెర్షన్ వస్తుంది. వచ్చిన ప్రతిసారీ వైఫై వెతుక్కోవాలి. ఫోన్‌లో ఖాళీ కూడా ఆట సైజుకు మించి ఉండాలి, ఎందుకంటే అప్‌డేట్ జరిగేటప్పుడు కొత్త ఫైళ్లకు అదనంగా చోటు కావాలి. ఇంటి ఫొటోలు తీసేసి ఆటకు చోటు చేయాల్సి వస్తోందంటే ఈ ఆట మీ ఫోన్‌కు కాదు, ఇంకోటి చూసుకోండి.

భాష సంగతి కూడా ఇప్పుడే చూడాలి. తెలుగులో టెక్స్ట్ ఉన్న ఆర్‌పీజీలు అరుదు. కథ బలంగా ఉన్న ఆటలో గంటల కొద్దీ ఇంగ్లిష్ డైలాగులు చదవాలి. చదవడం ఇష్టమైతే మంచిదే, ఇంగ్లిష్ కూడా మెరుగవుతుంది. ప్రతి డైలాగునూ స్కిప్ కొట్టేసేవాళ్లయితే ఆటలో సగం ఆనందం పోయినట్టే. అలాంటివాళ్లకు ఫైటింగ్ మీద నడిచే ఆటలు నప్పుతాయి.

3. సర్వర్ ఎక్కడుందో కనుక్కోండి

దీన్ని చాలామంది పట్టించుకోరు, తర్వాత "మా నెట్ బాగాలేదు" అనుకుంటారు. నెట్ బాగానే ఉండొచ్చు, సర్వరే దూరంగా ఉండొచ్చు. ఫైబర్ కేబుల్‌లో వెలుగు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. అంటే వెయ్యి కిలోమీటర్ల దూరానికి పోయి రావడానికే 10 మిల్లీసెకన్లు. అనంతపురం నుంచి సింగపూర్ గాలిదూరం సుమారు 3,200 కిలోమీటర్లు, కాబట్టి ఎంత గొప్ప కనెక్షన్ ఉన్నా పింగ్ (సిగ్నల్ సర్వర్‌కు పోయి రావడానికి పట్టే మిల్లీసెకన్లు) 32 కన్నా తగ్గదు. కేబుల్ తిన్నగా పోదు, మధ్యలో ఎన్నో రూటర్లు ఉంటాయి, అందుకే నిజంగా కనిపించే అంకె దీనికి రెండింతలో ఇంకా పైనో ఉంటుంది. సర్వర్ యూరప్‌లో ఉంటే దూరం 7,000 కిలోమీటర్లు దాటుతుంది. ఏ ప్లాను మార్చినా ఆ ఆలస్యం పోదు.

ముంబైలో సర్వర్ ఉన్న ఆట దొరికితే మనకు పండగే. సింగపూర్ అయినా ఆర్‌పీజీకి సరిపోతుంది. అల్బియన్ ఆన్‌లైన్ 2023లో ఆసియా కోసం వేరే సర్వర్ తెరిచాక మన వైపు నుంచి ఆడటం చాలా తేలికైంది. పింగ్ 100 లోపు నిలకడగా ఉంటే రాక్షసులతో పోరాడే ఆటలకు ఇబ్బంది ఉండదు. ఇందులో నిలకడే ముఖ్యం. 60 నుంచి ఉన్నట్టుండి 300కు ఎగబాకే కనెక్షన్ కన్నా 110 దగ్గర కదలకుండా ఉన్నది మేలు. సాయంత్రం 8 నుంచి 10 దాకా, రూములో అందరూ వీడియోలు చూసే టైములో, ఆటలో కనిపించే పింగ్ అంకెను చూడండి. పొద్దున 6 గంటలకు చూసిన అంకెను లెక్కలోకి తీసుకోవద్దు.

సర్వర్‌తో పాటు దాని గడియారాన్ని కూడా చూసుకోండి. గెన్షిన్ ఆసియా సర్వర్‌లో రోజు మారేది అక్కడి టైము ప్రకారం తెల్లవారుజామున 4 గంటలకు. మనకు అది రాత్రి 1:30. ఇది సౌకర్యమే, పడుకునే ముందు రోజువారీ పనులు పూర్తి చేసుకోవచ్చు. గిల్డ్ (ఆటగాళ్ల జట్టు) యుద్ధాలుండే ఆటల్లో మాత్రం జాగ్రత్త. అదే టైము జోన్‌లో రాత్రి 8 గంటల యుద్ధమంటే మనకు సాయంత్రం 5:30. తాడిపత్రి నుంచో ధర్మవరం నుంచో రోజూ వచ్చి చదివేవాళ్లు ఆ టైముకు ఇంకా బస్సులోనే ఉంటారు. ఆటలో ముఖ్యమైన ఘట్టానికి ఎప్పుడూ అందుకోలేరని ముందే తెలిస్తే, ఆ గిల్డ్‌లో చేరకపోవడమో అసలు ఆ ఆటే వద్దనుకోవడమో మీ చేతిలో ఉంటుంది.

4. ఫోన్‌ను మధ్యాహ్నం పూట పరీక్షించండి

ఇది మన ఊరి ఎండకు ప్రత్యేకంగా చెబుతున్న మాట. రాత్రి చల్లటి వేళ పదిహేను నిమిషాలు ఆడి "ల్యాగ్ లేదు" అని తీర్మానించవద్దు. ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటినప్పుడు, ఫ్యాన్ వేడిగాలి కొడుతున్న గదిలో ఫోన్ పరిస్థితే వేరు. లోపలి ప్రాసెసర్ వేడెక్కితే తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించేసుకుంటుంది. ఇరవై నిమిషాల దాకా వెన్నలా సాగిన ఆట అక్కణ్ణుంచి ముక్కలుముక్కలుగా కదులుతుంది.

పరీక్ష ఇలా చేయండి. బ్యాటరీ 80 శాతం ఉన్నప్పుడు, చార్జర్ తీసేసి, మధ్యాహ్నం పూట ఆట తెరవండి. ఆటలో జనం ఎక్కువగా ఉండే నగరానికి వెళ్లండి, అడవిలో ఒంటరిగా తిరిగితే ఏ ఫోనైనా బాగానే పని చేస్తుంది. సెట్టింగ్స్‌లో ఎఫ్‌పీఎస్ (సెకనుకు తెర మీద మారే బొమ్మల సంఖ్య) చూపించే ఆప్షన్ ఉంటే ఆన్ చేయండి. మొదటి ఐదు నిమిషాల్లో ఎంత ఉందో, నలభై నిమిషాల తర్వాత ఎంత ఉందో రాసుకోండి. వెనకవైపు కెమెరా పక్కన వేలు పెట్టి చూడండి. వేలు ఆనించలేనంత కాలుతుంటే గ్రాఫిక్స్ తగ్గించి, ఎఫ్‌పీఎస్ 30కి పెట్టి మళ్లీ చూడండి. అప్పటికీ అంతే అయితే ఆ ఆట మీ ఫోన్‌కు భారం. నలభై నిమిషాల్లో బ్యాటరీ ఎంత దిగిందో కూడా చూడండి. ముప్పై శాతం దిగితే కాలేజీ రోజుల్లో ఆడలేరు, ఆడితే సాయంత్రానికి ఇంటికి ఫోన్ చేయడానికి కూడా చార్జింగ్ మిగలదు. చార్జింగ్ పెట్టి ఆడే అలవాటు బ్యాటరీని తొందరగా పాడు చేస్తుంది.

5. మొదటి రెండు గంటలు ఎలా వాడాలి

పీసీలో స్టీమ్ మీద కొన్న ఆటను, కొన్న 14 రోజుల లోపు, ఆడిన టైము 2 గంటలు దాటకుండా ఉంటే వెనక్కి ఇచ్చి డబ్బు తీసుకోవచ్చు. ఈ రెండు గంటలు ఆర్‌పీజీలో ఇట్టే కరిగిపోతాయి. పాత్ర ముఖం దిద్దే స్క్రీన్ మీద గడిపిన టైము, లాగిన్ క్యూలో నిలబడ్డ టైము కూడా ఆ లెక్కలోకే వస్తాయి. కాబట్టి ముక్కూ జుట్టూ తర్వాత దిద్దుకోవచ్చు, మొదటి పాత్రను ఏది వస్తే దానితో చేసేయండి. ఆ రెండు గంటల్లో చూడాల్సింది: దెబ్బ వేస్తే చేతికి తృప్తిగా ఉందా, కింద పడ్డప్పుడు తప్పు మీదని అనిపిస్తోందా ఆటదనిపిస్తోందా, మీరు చదవాలనుకున్న క్వెస్ట్ ఒక్కటైనా తగిలిందా.

ఫోన్‌లో ఉచిత ఆట అయితే ఈ గడువు లేదు, కానీ వేరే మాయ ఉంటుంది. మొదటి రెండు గంటలూ బహుమతుల వర్షమే. లెవెల్ పెరిగిందని ఒక పెట్టె, లాగిన్ అయ్యావని ఒక పెట్టె, పది ఉచిత లాగుళ్లు (అదృష్టాన్ని బట్టి పాత్రనో ఆయుధాన్నో ఇచ్చే లాటరీ లాంటివి), మెరిసే పోర్టల్, బంగారు రంగు. ఆ మెరుపులను ఆటలో భాగంగా లెక్కపెట్టవద్దు. అవి అయిపోయాక, మెనూలో ఎర్ర చుక్కలన్నీ నొక్కేశాక ఏం మిగిలిందో చూడండి. ఆ క్షణంలో "ఇప్పుడు ఆ కొండ ఎక్కి చూద్దాం" అనిపిస్తే ఆటలో జీవం ఉంది. ఏం చేయాలో తోచక ఆటో బటన్ నొక్కి ఫోన్ పక్కన పెడుతున్నారంటే మీకు సమాధానం దొరికినట్టే.

6. వారం రోజులు చిట్టా రాయండి

నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైన మెట్టు ఇదే, ఎవరూ చేయనిదీ ఇదే. నోట్‌బుక్ చివరి పేజీలో రోజుకు ఒక్క గీత చాలు. ఆట ఎప్పుడు తెరిచారు, ఎప్పుడు మూశారు, అందులో ఎంతసేపు ఇష్టంగా ఆడారు, ఎంతసేపు తప్పదని ఆడారు.

ఇప్పటి ఆన్‌లైన్ ఆర్‌పీజీల్లో చాలావాటిలో డైలీస్ (రోజూ చేయాల్సిన చిన్న పనులు) ఉంటాయి, స్టామినా (ఆటలో పనులకు ఖర్చయ్యే శక్తి) ఉంటుంది. స్టామినా టైముతో పాటు నిండుతుంది, నిండాక వాడకపోతే వృథా అవుతుంది. ఆ వృథా అన్న బెంగే మిమ్మల్ని రోజూ తిరిగి లాక్కొస్తుంది. డైలీస్ పదిహేను, ఇరవై నిమిషాల్లో అయిపోయే ఆటను చదువుకునే కుర్రాడు, ఉద్యోగం చేసే అమ్మాయి, ఎవరైనా ఆడుకోవచ్చు. గంట దాటితే అది రెండో ఉద్యోగం. దానికి తోడు బ్యాటిల్ పాస్ (పనులు చేస్తూ మెట్టుమెట్టుగా తీసుకునే బహుమతుల వరుస), వారానికో బాస్, పది రోజుల ఈవెంట్, గిల్డ్ హాజరు అన్నీ కలిపి చూడండి.

వారం చివర గీతలు కూడండి. తప్పదని ఆడిన టైము ఇష్టంగా ఆడినదాని కన్నా ఎక్కువైతే ఆ ఆట మీకు వద్దు, ఎంత అందంగా ఉన్నా వద్దు. ఒక రోజు కావాలనే మానేసి చూడండి. మరుసటి రోజు ఆట మిమ్మల్ని మామూలుగా రానిస్తే మంచి ఆట. ఒక్క రోజుకే వరుస తెగింది, పెద్ద బహుమతి పోయింది అంటుంటే ఆ పద్ధతి మారదు. సెమిస్టర్ పరీక్షలప్పుడు, ఊళ్లో జాతరప్పుడు, చెనక్కాయలు పీకే రోజుల్లో ఇంటి దగ్గర పనిలో ఉన్నప్పుడు ఇదే టెన్షన్ పెడుతుంది.

7. డబ్బు లెక్క: ఒక లాగుడు ఎన్ని రూపాయలు?

ఆటలు రూపాయలను రూపాయల్లా కనిపించనివ్వవు. రూపాయలతో స్ఫటికాలు, స్ఫటికాలతో రత్నాలు, రత్నాలతో టికెట్లు, టికెట్లతో లాగుళ్లు. ఇన్ని మార్పిడులు దాటేసరికి ఎంత పెట్టామో మనసుకు తట్టదు. మీరు చేయాల్సిన మొదటి పని ఆ గొలుసును విప్పడం. షాపులో ఒక ప్యాక్ ధర తీసుకుని, దానితో ఎన్ని లాగుళ్లు వస్తాయో భాగించండి. మొదటిసారి కొంటే రెట్టింపు ఇస్తామన్నదాన్ని లెక్కలోకి తీసుకోవద్దు, అది ఒక్కసారే వస్తుంది.

తర్వాత అవకాశం ఎంతో చూడండి. 2017 చివర నుంచి ఆపిల్, 2019 నుంచి గూగుల్ ఈ శాతాలను ఆటలు బయటపెట్టాలని నియమం పెట్టాయి. లాగుళ్లు లాగే బ్యానర్ స్క్రీన్‌లో "డీటెయిల్స్" అని ఎక్కడో చిన్న బటన్ ఉంటుంది, నొక్కి చదవండి. 1 శాతం అంటే వంద లాగితే ఒకటి ఖాయమని చాలామంది అనుకుంటారు. అలా కాదు. 1 శాతం చొప్పున వంద మంది తలా వంద సార్లు లాగితే వాళ్లలో దాదాపు 37 మందికి ఒక్కటి కూడా రాదు. అందుకే పిటీ ఉందా లేదా అన్నది చూడాలి. పిటీ అంటే ఇన్ని లాగుళ్లకు కచ్చితంగా ఇస్తామన్న హామీ.

గెన్షిన్‌నే తీసుకుందాం. ఐదు స్టార్ల పాత్రకు అవకాశం 0.6 శాతం, 90 లాగుళ్లకు హామీ. కానీ ఆ వచ్చే పాత్ర మీరు కోరుకున్నదే కావాలని లేదు. అది తప్పిపోతే రెండోసారి వచ్చేది కచ్చితంగా మీరు కోరుకున్నది. అంటే అదృష్టం అస్సలు కలిసిరాకపోతే 180 లాగుళ్లు. ఒక్కోదానికి 160 ప్రైమోజెమ్‌లు (ఆ ఆటలోని రత్నాలు), మొత్తం 28,800. రోజువారీ కమిషన్లతో వచ్చేవి 60. ఆ ఒక్కదారినే పోగేస్తే 480 రోజులు. నిజానికి ఈవెంట్లు, మిషన్లు, మ్యాప్ తిరగడం వల్ల చాలా ఎక్కువే వస్తాయి కాబట్టి అంతకాలం పట్టదు. అయినా ఈ అంకె తెలిసినవాడు ప్రతి బ్యానర్‌కూ చేయి చాచడు. వుదరింగ్ వేవ్స్‌లో 0.8 శాతం, హామీ 80 దగ్గర. అక్కడ ఘోరంగా చూసినా 160 లాగుళ్లు. రెండూ పక్కపక్కన పెడితే ఏది ఎంత ఉదారమో తెలుస్తుంది. మీరు చూస్తున్న కొత్త ఆటను కూడా ఇలాగే కొలవండి. హామీ లేని గాచా (ఇలా లాగి గెలుచుకునే పద్ధతి) ఉన్న ఆటలో ఒక్క రూపాయి కూడా పెట్టవద్దని గట్టిగా చెబుతాను.

ఉదాహరణకు మీ కొత్త ఆటలో ఒక లాగుడు 150 రూపాయలు పడిందనుకుందాం. 180 లాగుళ్లకు 27,000. ఆ అంకెను మీ నెల మెస్ బిల్లు పక్కన రాసి చూడండి. బొమ్మ ముఖం ఎంత ముద్దుగా ఉన్నా ఈ కాగితం చూశాక చేయి ఆగుతుంది.

డబ్బు పెట్టినవాడికీ పెట్టనివాడికీ మధ్య పోటీ ఉందా అన్నది ఇంకో ప్రశ్న. కథ మోడ్‌లో ఎవరెంత పెట్టుకున్నా మీకు నష్టం లేదు. ర్యాంకింగ్ పోరాటాల్లో, గిల్డ్ యుద్ధాల్లో కొన్న ఆయుధం గెలుస్తుంటే మీ నైపుణ్యానికి అక్కడ విలువ లేదు. డయాబ్లో ఇమ్మోర్టల్‌ను 2022లో బెల్జియం, నెదర్లాండ్స్‌లో విడుదల చేయకపోవడానికి ఆ దేశాల్లో లూట్ బాక్సుల (డబ్బుతో కొనే అదృష్టపు పెట్టెల) మీద ఉన్న కఠినమైన నియమాలే కారణమని వార్తలు వచ్చాయి. నెలనెలా చందా కట్టే ఆటలు చూడ్డానికి ఖరీదుగా అనిపిస్తాయి గానీ, నెలకు ఎంతో ముందే తెలుస్తుంది కాబట్టి చేతికి అదుపు ఉంటుంది. నాకు ఆ పద్ధతే న్యాయంగా అనిపిస్తుంది.

పెట్టాలనుకుంటే నెలకు ఇంత అని ముందే అనుకుని, అంత మొత్తానికే గిఫ్ట్ కార్డు వేసుకోండి. ప్లే స్టోర్‌కు యూపీఐ నేరుగా కలిపి ఉంచవద్దు. నాయన ఫోన్‌లో తమ్ముడు ఆడుతుంటే ప్లే స్టోర్ సెట్టింగ్స్‌లో కొనే ప్రతిసారీ పాస్‌వర్డ్ అడిగేలా పెట్టండి. ఇది ఇవాళే చేయండి.

8. చట్టం, మోసం

2025 ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ గేమింగ్ చట్టం చేసింది. డబ్బు పందెం పెట్టి డబ్బు గెలుచుకునే ఆటలను అది నిషేధించింది. సరదాకు ఆడే ఆటలకు, ఈ-స్పోర్ట్స్‌కు అభ్యంతరం లేదు. కాబట్టి "ఆడండి, సంపాదించండి" అంటూ ముందు డబ్బు కట్టమనే కొత్త ఆర్‌పీజీ కనిపిస్తే వాదన అక్కర్లేదు, దూరంగా ఉండండి. ఆట మన దేశంలో ఉన్నట్టుండి ఆగిపోయే అవకాశాన్నీ మనసులో ఉంచుకోండి. 2022 ఫిబ్రవరిలో నిషేధించిన 54 యాప్‌లలో ఫ్రీ ఫైర్‌తో పాటు ఈవ్ ఎకోస్ అనే ఆన్‌లైన్ ఆర్‌పీజీ కూడా ఉంది.

సగం ధరకే టాప్ అప్, తయారైన అకౌంటు, మోడ్ ఏపీకే (ఎవరో మార్చేసిన యాప్ ఫైలు): ఈ మూడింటి వల్లే ఎక్కువ అకౌంట్లు పోతాయి. ఓటీపీ ఎవరికీ చెప్పవద్దు. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేయండి. అమ్మాయిలు ఆటలో పెట్టుకునే పేరులో అసలు పేరు, ఊరు, పుట్టిన సంవత్సరం లేకుండా చూసుకోండి. తెలియనివాళ్లతో వాయిస్ చాట్ సెట్టింగ్స్‌లోనే ఆపేయండి. గిల్డ్ మంచిదని నమ్మకం కుదిరాక కావాలంటే తెరవొచ్చు.

9. ఇప్పుడు కూర్చుని వాదించుకోండి

వారం చిట్టా, లాగుడు ధర, మధ్యాహ్నం ఎఫ్‌పీఎస్ చేతిలో ఉన్నాయి కాబట్టి ఇప్పుడు వాదనకు అర్థం ఉంటుంది. ఆదివారం పొద్దున ఉగ్గాని, బజ్జీ తెచ్చుకుని నలుగురూ కూర్చోండి. వారం రోజులూ తలా ఒక క్లాస్ (పోరాటంలో పాత్ర చేసే పని) ఆడి ఉంటే మరీ మంచిది. ఒకరు ట్యాంక్ (ముందు నిలబడి దెబ్బలు కాచుకునేవాడు), ఒకరు హీలర్ (గాయాలు మాన్పేవాడు), మిగతా ఇద్దరూ దాడి. హీలర్ ఆడినవాడికి విసుగొచ్చిందంటే ఆ ఆటలో మీ గుంపుకు హీలర్ దొరకడు, రెండో నెలలో గుంపే విడిపోతుంది.

ఆట నచ్చినవాడితో అందులోని లోపాలు చెప్పించండి, నచ్చనివాడితో మంచి చెప్పించండి. ఇద్దరూ నిజాయితీగా చెబితే సగం గొడవ అక్కడే తీరుతుంది. "నా ఫోన్‌లో బాగుంది" అన్న మాట చెల్లదు, అందరి ఫోన్లలో ఎలా ఉందన్నదే లెక్క. నలుగురిలో ఒకరి ఫోన్ మోయలేకపోతే ఆ ఒక్కరూ మిగతావాళ్ల ఆటను పక్కన కూర్చుని చూడాల్సి వస్తుంది. అలాంటప్పుడు చిన్న ఆట ఎంచుకోవడమే సరైనదని నేను అంటాను. కలిసి ఆడటం కోసమే ఆన్‌లైన్ ఆట కదా. ఏకాభిప్రాయం రావాలని పట్టుబట్టవద్దు. ఇద్దరు ఆడి ఇద్దరు మానుకున్నా స్నేహానికి లోటేమీ లేదు. ఒక్కటి మాత్రం అందరూ ఒప్పుకోండి: మళ్లీ ఏ తేదీన ఇదే వాదన పెట్టుకోవాలో క్యాలెండర్‌లో రాసుకోండి. తర్వాతి పెద్ద ప్యాచ్ వచ్చిన వారం దానికి బాగుంటుంది.

10. వద్దనుకుంటే ఎలా బయటికి రావాలి

ఆటను ఫోన్ నుంచి తీసేస్తే నెలవారీ పాస్ ఆగిపోదు. ప్లే స్టోర్‌లో ప్రొఫైల్ బొమ్మ నొక్కి, పేమెంట్స్, సబ్‌స్క్రిప్షన్స్‌లోకి వెళ్లి అక్కడ రద్దు చేయాలి. యూపీఐ యాప్‌లో ఆటోపే జాబితా కూడా ఒకసారి చూడండి. గెస్ట్ అకౌంట్‌తో ఆడి ఉంటే తీసేసే ముందు ఈమెయిల్‌కు కలపండి, లేదంటే ఏడాది తర్వాత మళ్లీ ఆడాలనిపించినా ఆ పాత్ర దొరకదు. గిల్డ్‌లో ఉంటే నాయకుడికి ఒక మెసేజ్ పెట్టి వెళ్లండి, మీ చోటులో ఇంకొకరిని తీసుకుంటారు. చివరిగా ఆట నోటిఫికేషన్లు, డిస్కార్డ్ అనే చాట్ యాప్‌లో దాని సర్వర్ మ్యూట్ చేయండి. తర్వాత ఫోన్‌లో ఖాళీ అయిన ఆ 20 జీబీని చూసి, ఇంకో కొత్త ఆటకు కావాలంటే రెండో మెట్టు నుంచి మొదలుపెట్టండి.